బడి పైకప్పు మీద ప్యానెళ్లు సరే, ఐదేళ్ల తర్వాత దీపం వెలగాలంటే?

సుద్దముక్క · సోమవారం, ఉదయం 6:20

అందరికీ నమస్కారం. పల్లెబడిలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లయింది. మా బడికి మళ్లీ సోలార్ ప్యానెళ్లు పెట్టిస్తామని ఒక దాత ముందుకు వచ్చారు. ‘మళ్లీ’ అన్న మాట ఆలోచించే రాస్తున్నాను.

తొమ్మిదేళ్ల కిందట ఒకసారి పెట్టారు. మొదటి ఏడాది పిల్లలు రాత్రి ఎనిమిదింటి దాకా బడిలోనే కూర్చుని చదివారు. మూడో ఏడు దీపాలు గంటకే మసకబారడం మొదలైంది. నాలుగో ఏడు వెలగనే లేదు. బ్యాటరీలున్న బీరువా తలుపు తీసి చూశాను. టెర్మినళ్ల మీద తెల్లటి పొడి గడ్డకట్టి ఉంది. మూతలు విప్పితే లోపల ప్లేట్లు ఎండిపోయిన చెరువు అడుగులా ఉన్నాయి. అప్పుడప్పుడు డిస్టిల్డ్ వాటర్ పోయాలని మాకు చెప్పినవారు లేరు, అడగాలని మాకూ తోచలేదు. ప్యానెళ్లు మాత్రం ఇప్పటికీ పైకప్పు మీద మెరుస్తూనే ఉన్నాయి.

ఆ సాయంత్రం ఒక అమ్మాయి పుస్తకాలు సర్దుకుంటూ “రేపటికి బాగవుతుందా సార్?” అని అడిగింది. అవుతుందన్నాను. ఆ మాట నిలబెట్టుకోలేకపోయాను. అందుకే ఈసారి సరే అనేముందు మిమ్మల్ని అడుగుతున్నాను. సౌరశక్తి, గాలి, నీరు, ఇవన్నీ పల్లెను, పిల్లల చదువును నిజంగా మార్చాలంటే పరికరాలతో పాటు ఇంకేమేమి కావాలి? దాతకు మేం పెట్టాల్సిన షరతులు ఏమిటి?

నాలుగో_తీగ · సోమవారం, ఉదయం 8:05

ఇరవై రెండేళ్లుగా నా పని ఇదే. మీరు చెప్పిన బీరువాను నేను చాలా బళ్లలో తెరిచాను. తెరిచిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది, ఎందుకంటే అది తప్పించగలిగిన నష్టం.

ప్యానెల్ పాతికేళ్లు పనిచేస్తుంది. ఆసిడ్ బ్యాటరీ ఆయుష్షు మూడు నుంచి ఐదేళ్లు. అంటే దాత మీకు పాతికేళ్ల శరీరాన్ని నాలుగేళ్ల గుండెతో ఇచ్చారు. రెండో గుండెకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో మొదటి రోజే కాగితం మీద ఉండాలి. లేకపోతే అది ఆగిపోయే రోజు ముందే ఖరారైనట్లు. ఈసారి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అడగండి. నీళ్లు పోసే పని ఉండదు, సరిగా వాడితే పదేళ్ల దాకా వస్తుంది.

ఇక ఎంత కావాలో లెక్క కట్టుకుందాం. బడి కరెంటు వాడేది ఎక్కువగా పగలు, ఎండ ఉన్నప్పుడే. ఇది పెద్ద వరం, దీన్ని చాలామంది గమనించరు. నాలుగు గదులకు ఎనిమిది బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే రకం) ఫ్యాన్లు, ఒక్కోటి 30 వాట్లు, ఆరు గంటలు తిరిగితే 1,440 వాట్ అవర్లు. పది వాట్ల ఎల్‌ఈడీ దీపాలు ఎనిమిది, మూడు గంటలకు 240. వంద వాట్ల పెద్ద టీవీ మూడు గంటలకు 300. టాబ్లెట్ల ఛార్జింగుకు ఇంకో 200. మొత్తం 2,180. వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్, అంటే రెండు యూనిట్ల పైచిలుకు. మంచి ఎండ కాసే చోట ఒక కిలోవాట్ ప్యానెళ్లే రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తాయి. దాత ఐదు కిలోవాట్లు అంటే మర్యాదగా వద్దనండి. రెండు చాలు. మిగిలిన సొమ్ము మంచి బ్యాటరీకి, సరైన మందం ఉన్న తీగలకు, దాన్ని చూసుకునే మనిషి శిక్షణకు పెట్టమనండి.

లెక్కలపుస్తకం · సోమవారం, ఉదయం 10:40

సుద్దముక్క గారూ, మీ ప్రశ్నలోనే ఇంకో ప్రశ్న ఉంది. కరెంటు వస్తే చదువు దానంతట అదే బాగుపడుతుందా?

అవసరం ఎంత పెద్దదో మొదట చెప్పుకోవాలి. 2022 నాటికి ప్రపంచంలో 68.5 కోట్ల మందికి కరెంటు లేదు, వారిలో అత్యధికులు సహారా ఎడారికి దిగువన ఉన్న ఆఫ్రికా దేశాల పల్లెవాసులు. ప్రాథమిక బళ్లలో నాలుగింట ఒకదానికి విద్యుత్తు లేదని యునెస్కో 2023లో చెప్పింది. కాబట్టి పని జరగాల్సిందే, అందులో వాదం లేదు.

అయితే ఫలితాలను కొలిచినవారు ఏమి చూశారో కూడా చెప్పాలి. ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ జిల్లాలో సౌర మైక్రోగ్రిడ్ (ఊరి వరకే పనిచేసే చిన్న విద్యుత్ వ్యవస్థ) ఇచ్చిన పల్లెలనూ, ఇవ్వని పల్లెలనూ పోల్చి చేసిన ఒక అధ్యయనం 2017లో వెలువడింది. కరెంటు వాడే ఇళ్లు పెరిగాయి, కిరోసిన్ ఖర్చు తగ్గింది. కానీ పొదుపు, కొత్త వ్యాపారాలు, పిల్లలు చదివే సమయం వంటి వాటిలో చెప్పుకోదగ్గ మార్పు కనపడలేదు. అక్కడ ఇంటికి ఇచ్చింది రెండు చిన్న దీపాలు, ఒక ఫోన్ ఛార్జింగ్ పాయింట్ మాత్రమే. అంతటి కరెంటు చీకటిని తగ్గిస్తుంది, బతుకు తీరును మార్చలేదు. దీపం అనే మాటకూ అభివృద్ధి అనే మాటకూ మధ్య మనం తొందరపడి వంతెన కట్టేస్తున్నామని నా భయం.

మాపటివేళ · సోమవారం, మధ్యాహ్నం 1:15

లెక్కలపుస్తకం గారూ, మీ అంకెలను కాదనను. కానీ ఆ చిన్న దీపం నాకు ఏమిటో చెప్పనివ్వండి.

నేను పదో తరగతి దాకా బుడ్డిదీపం ముందు చదివాను. నేను, తమ్ముడు ఎదురెదురుగా కూర్చునేవాళ్లం, దీపం మధ్యలో. వెలుగు పుస్తకంలో ఒక పేరాకు సరిపోయేది. చదివిన పేరా నుంచి తర్వాతి పేరాకు వెళ్లాలంటే పుస్తకాన్ని పైకి జరపాలి. తమ్ముడు తన పుస్తకం జరిపితే నా పేజీ మీద నీడ పడేది. పొద్దున ముఖం కడిగితే ముక్కులోంచి నల్లటి మసి వచ్చేది. గాలి విసురుగా వస్తే చదువు ఆగిపోయేది. ఒకసారి ముందుకు వంగి కునికిపాటు పడితే నుదుటి మీది వెంట్రుకలు కాలి ముడుచుకున్నాయి. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది.

నాకు మార్కులు పెరిగి ఉండేవో లేదో తెలియదు. మసి పీల్చకుండా, భయం లేకుండా చదివే హక్కు మార్కులు పెరిగితేనే దక్కాలా?

తెల్లకోటు · సోమవారం, సాయంత్రం 4:50

మాపటివేళ గారి చివరి వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

నేను నర్సును. టార్చిలైటు నోట కరచుకుని కాన్పు చేసిన రాత్రులున్నాయి. పల్లె ఆరోగ్య కేంద్రంలో సౌర విద్యుత్తు తెచ్చిన మార్పు నా కళ్లతో చూశాను, అందులో నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచింది టీకాల ఫ్రిజ్. చాలా టీకాలను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలి. ఇప్పుడు వాడే కొన్ని సౌర ఫ్రిజ్‌లలో బ్యాటరీయే ఉండదు. పగలు ప్యానెల్ నుంచి వచ్చే కరెంటుతో లోపలి మంచుగడ్డను తయారుచేసుకుంటాయి, రాత్రంతా, మబ్బు రోజుల్లోనూ ఆ చల్లదనమే టీకాలను కాపాడుతుంది. కరెంటును దాచడానికి బదులు చల్లదనాన్నే దాచడం. పాడైపోయే భాగాన్నే తీసేశారు.

చదువుకు దీనితో సంబంధం ఏమిటంటారా? తట్టు తగిలిన పిల్ల వారాల తరబడి బడికి రాదు. చెల్లెలికి జ్వరమొస్తే అక్క బడి మానేస్తుంది.

గాలిమర · సోమవారం, రాత్రి 9:30

అందరూ సౌరశక్తి గురించే మాట్లాడుతున్నారు. ఏడాది పొడవునా పారే వాగు ఉన్న కొండ ఊరికి చిన్న జలవిద్యుత్ కేంద్రమే మేలు. అది రాత్రీ పగలూ తిరుగుతుంది, బ్యాటరీ భారం చాలావరకు తప్పుతుంది. నేపాల్ కొండల్లో ఇలాంటివి ఎన్నో ఊళ్లకు వెలుగునిచ్చాయి, పిండిమరలు తిప్పాయి. పశువులున్న చోట గోబర్ గ్యాస్ వంటకు పనికొస్తుంది, కట్టెల కోసం తిరిగే గంటలు మిగులుతాయి. ఆ గంటలు ఎక్కువగా ఆడపిల్లలవి.

చదువుకూ ఇంధనానికీ సంబంధం అనగానే నాకు గుర్తొచ్చే మనిషి మలావీకి చెందిన విలియం కామ్‌క్వంబా. 2001-02 కరవులో ఫీజు కట్టలేక బడి మానేశాడు. ఊరి గ్రంథాలయంలో ఇంధనం గురించిన ఒక పాఠ్యపుస్తకం దొరికింది. అందులోని బొమ్మలు చూసి, పాత సైకిల్ భాగాలు, ట్రాక్టర్ ఫ్యాన్, యూకలిప్టస్ దుంగలతో గాలిమర కట్టి ఇంట్లో దీపం వెలిగించాడు. అప్పటికి పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లవాడు. చాలామంది దీన్ని కరెంటు కథగా చెబుతారు, నాకు మాత్రం ఇది గ్రంథాలయం కథ. పుస్తకం ముందు వచ్చింది, దీపం తర్వాత వచ్చింది.

సుద్దముక్క గారూ, మీ ప్యానెళ్లను పాఠంలోకి తీసుకురండి. అవి పైకప్పు మీద ఉన్న ప్రయోగశాల.

సుద్దముక్క · మంగళవారం, ఉదయం 6:10

గాలిమర గారూ, మీ మాట చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. పాత ప్యానెళ్లు ఉన్న అన్నేళ్లూ నేను విద్యుత్తు పాఠాన్ని నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పాను. తల పైకెత్తి చూడమని ఒక్కసారీ అనలేదు.

కాగితం మీద కొన్ని ఆలోచనలు రాసుకున్నాను. ప్యానెల్‌ను ఏటవాలుగా ఎంత కోణంలో పెట్టాలి? సుమారుగా ఆ చోటి అక్షాంశమంత. ఏడో తరగతి పిల్లలు కోణమానినితో కొలిచి, భూగోళ పాఠంలోని అక్షాంశంతో పోల్చవచ్చు. రోజూ మధ్యాహ్నం మీటరు చూసి యూనిట్లు రాస్తే నెల తిరిగేసరికి వాళ్ల చేతి గ్రాఫు తయారవుతుంది. మబ్బు రోజు గీత ఎందుకు పడిపోయిందో వాళ్లే చెబుతారు. ఒక ప్యానెల్ తుడిచి, ఒకటి దుమ్ముతో వదిలి, రెండింటి కరెంటును కొలిస్తే? పిల్లలే పైకెక్కి తుడిస్తే బాధ్యత కూడా అలవడుతుంది కదా?

నాలుగో_తీగ · మంగళవారం, ఉదయం 7:00

పిల్లలను పైకప్పు ఎక్కించవద్దు. ఈ ఒక్క విషయంలో నేను రాజీపడను. పడితే ప్రాణం పోతుంది. వరుసగా కలిపిన ప్యానెళ్లలో డీసీ వోల్టేజీ ప్రమాదకరం, ఎండ ఉన్నంతసేపు దాన్ని ఆపే స్విచ్ ప్యానెల్‌కు ఉండదు. మీ ప్రయోగాలన్నీ నేల మీద పెట్టిన ఒక్క చిన్న ప్యానెల్‌తో చేయించండి. అరచేతిని దాని మూల మీద అడ్డం పెట్టి కరెంటు ఎంత పడిపోతుందో చూపించండి. చేతి నీడ చిన్నదే, నష్టం మాత్రం చాలా ఎక్కువ. లోపలి సెల్స్, అంటే కరెంటు పుట్టించే చిన్న పలకలు, గొలుసులా కలిసి ఉంటాయి కాబట్టి ఒకటి నీడలో ఉంటే మిగతావాటినీ వెనక్కి లాగుతుంది. చెట్టు కొమ్మ ఎందుకు కొట్టాలో పెద్దలకు ఆ పిల్లలే చెబుతారు.

టంకం · మంగళవారం, మధ్యాహ్నం 12:25

ఇన్నాళ్లూ చదివి ఊరుకునేదాన్ని. ఇవాళ రాయాలనిపించింది.

నేను అయిదో తరగతితో బడి మానేసిన మనిషిని. ముప్పై నాలుగేళ్ల వయసులో సోలార్ పరికరాల మరమ్మతు నేర్చుకున్నాను. మొదటిసారి సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నప్పుడు వేలు కాలింది. ఇప్పుడు చెడిపోయిన ఛార్జ్ కంట్రోలర్ (బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపుచేసే పెట్టె) నా ముందు పెడితే, తప్పు ఎక్కడుందో ముందు ముక్కుతోనే పట్టుకుంటాను. కాలిన భాగం వాసన వేరుగా ఉంటుంది.

రాజస్థాన్‌లోని తిలోనియాలో బంకర్ రాయ్ 1972లో స్థాపించిన బేర్‌ఫుట్ కాలేజీ గురించి మీకు తెలిసే ఉంటుంది. ఎన్నో దేశాల పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లకు, చదువు లేని అమ్మమ్మలకు కూడా, ఆరు నెలల్లో సౌర దీపాలు బిగించడం, బాగుచేయడం నేర్పారు. భాష కలవదు కాబట్టి సైగలతో, రంగుల గుర్తులతో నేర్పారు. పగలు పశువులు కాసే పిల్లలకు సౌర దీపాల కింద రాత్రి బళ్లు నడిపిందీ వాళ్లే. అమ్మమ్మలనే ఎందుకు ఎంచుకున్నారో నాకు బాగా అర్థమవుతుంది. కుర్రవాడికి పని నేర్పితే ఆ సర్టిఫికెట్ పట్టుకుని పట్నం పోతాడు. అమ్మమ్మ ఊళ్లోనే ఉంటుంది.

సార్, మీ షరతుల్లో మొదటిది ఇది పెట్టండి. ఊళ్లో ఉండిపోయే ఇద్దరికి పని నేర్పాలి, అందులో ఒకరైనా ఆడమనిషి కావాలి. వోల్టేజీ, కరెంటు కొలిచే ఒక మల్టీమీటర్, పనిముట్ల పెట్టె, విడిభాగాల సంచి ఊళ్లోనే ఉండాలి. మా దగ్గర ఫ్యూజు పోతే పది నిమిషాల పని. ఫ్యూజు కోసం బయటి మనిషి రావాలంటే నెల రోజులు.

మాపటివేళ · మంగళవారం, మధ్యాహ్నం 12:50

టంకం గారూ, ఇంకా రాయండి. మీలాంటివారి మాటలు ఇక్కడ చాలా తక్కువగా వినిపిస్తాయి.

లెక్కలపుస్తకం · మంగళవారం, సాయంత్రం 6:30

మాపటివేళ గారి ప్రశ్నకు నిన్నటి నుంచి జవాబు వెతుక్కుంటున్నాను. దక్కాలి, మార్కులతో పని లేకుండానే దక్కాలి. నేను అడ్డు చెప్పింది దీపానికి కాదు, దీపంతో పని అయిపోయిందనుకునే తీరుకు.

మార్పు పెద్దగా కనిపించిన చోటు గురించి కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నటాల్ పల్లెలకు కరెంటు వచ్చాక ఆడవాళ్లలో పనికి వెళ్లేవారి వాటా దాదాపు తొమ్మిది శాతం పాయింట్లు పెరిగిందని 2011లో వచ్చిన అధ్యయనం చెబుతుంది. వంట, ఇంటిపనికి పట్టే సమయం తగ్గడం అందుకు ముఖ్య కారణం. అక్కడ వచ్చింది గ్రిడ్ కరెంటు, అంటే పెద్ద లైన్ల మీదుగా వచ్చేది, పొయ్యిని కూడా నడపగలిగినంత. బారాబంకీలో వచ్చింది దీపానికి సరిపడా. తేడా అక్కడే ఉంది.

ఇక డబ్బు. బంగ్లాదేశ్ 2003లో మొదలుపెట్టిన పథకంలో 40 లక్షలకు పైగా ఇళ్లకు సౌర వ్యవస్థలు చేరాయి. ఉచితంగా కాదు, వాయిదాల మీద. వాయిదా వసూలుకు నెలనెలా ఇంటికి వచ్చే మనిషే పరికరం ఎలా ఉందో చూసేవాడు. వసూలు, మరమ్మతు ఒకే గడప దగ్గర కలిశాయి. బిహార్‌లోని ధర్నాయ్ అనుభవం దీనికి భిన్నం. 2014లో అక్కడ 100 కిలోవాట్ల సౌర మైక్రోగ్రిడ్ వచ్చింది. కొద్దికాలానికే గ్రిడ్ కరెంటు కూడా వచ్చింది, అదీ చవకగా. బ్యాటరీలు చెడిపోయాక మార్చినవారు లేరు. దాత పెట్టించిన దీపం ఆరితే అందరూ దాతవైపు చూస్తారు. మీ బడికి కూడా గ్రిడ్ రేపో మాపో రావచ్చు, వచ్చినా పనికొచ్చేలా ఇన్వర్టర్ ఎంచుకోండి.

నాలుగో_తీగ · మంగళవారం, రాత్రి 8:15

గ్రిడ్‌తో కలిసి నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్లు ఉన్నాయి. మంచి సూచన.

బ్యాటరీ నిధికి ఒక దారి చెబుతాను. బడి ఏడాదిలో నడిచేది సుమారు 220 రోజులు. ఎండ అన్ని రోజులూ కాస్తుంది, పైగా ఎండ దంచికొట్టే నెలల్లోనే వేసవి సెలవులు. రెండు కిలోవాట్లు పెడితే బడి రోజుల్లోనూ సగానికి పైగా మిగులుతుంది, సెలవు రోజుల్లో మొత్తం మిగులే. ఆ కరెంటును ఊరికి ఇవ్వండి. తాగునీటి మోటారుకు, కుట్టుమిషన్లకు, తెల్లకోటు గారు చెప్పినట్లు ఆరోగ్య కేంద్రానికి. వాడుకున్నవారు ఎంతో కొంత కట్టాలి. ఆ సొమ్ము వేరే ఖాతాలో, బ్యాటరీ పేరిట.

కర్ణాటకలో హరీష్ హందే 1995లో ప్రారంభించిన సెల్కో అనే సౌర విద్యుత్ సంస్థ ఇంకో పద్ధతి తెచ్చింది. ప్యానెళ్లు బడి మీద ఉంటాయి, పిల్లలు చిన్న బ్యాటరీలను బడికి తెచ్చి ఛార్జ్ చేసుకుని సాయంత్రం ఇంటి దీపానికి పట్టుకెళ్తారు. బడికి వస్తేనే రాత్రి ఇంట్లో వెలుగు. మీరు అడిగిన చదువూ ఇంధనమూ ఒకే సంచిలో కలిసిన ఉదాహరణ ఇదే.

తెల్లకోటు · మంగళవారం, రాత్రి 9:00

ఒక మాట మాత్రం. ఆ చిన్న బ్యాటరీ తేలేని రోజు ఏ పిల్లనూ చిన్నబుచ్చకుండా చూడండి. మా కేంద్రంలో కార్డు తేలేదని సిగ్గుపడి వెనక్కి వెళ్లిపోయిన తల్లులను చూశాను.

సుద్దముక్క · ఆదివారం, మధ్యాహ్నం 2:40

ఐదు రోజులు రాయలేకపోయాను, మన్నించండి. దాతతోనూ ఊరివారితోనూ మాట్లాడుతున్నాను.

దాత మొదట కాస్త నొచ్చుకున్నారు. ఐదు కిలోవాట్లు ఇస్తానంటే రెండు చాలనడం ఆయనకు వింతగా తోచింది. ఎండిపోయిన పాత బ్యాటరీలను చూపించాను, అప్పుడు మాట్లాడకుండా వాటి పక్కన కూర్చుండిపోయారు. లిథియం బ్యాటరీకి, హైబ్రిడ్ ఇన్వర్టర్‌కు, ఇద్దరి శిక్షణకు ఒప్పుకున్నారు. శిక్షణకు ముందుకు వచ్చినవారిలో ఒకరు బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడ. వేలు కాలితే ఏమవుతుందని అడిగితే, రోజూ పొయ్యి దగ్గర కాలేదానికంటే ఎక్కువా అన్నారు. టంకం గారూ, ఆవిడకు మీతో మాట్లాడాలని ఉంది.

నీటి మోటారుకు కట్టే సొమ్ము విషయం ఇంకా తేలలేదు. కొందరు బడి కరెంటుకు డబ్బు కట్టడమేమిటని గట్టిగా వాదించారు. వచ్చే వారం మళ్లీ కూర్చుంటాం. తేలకుండా ప్యానెళ్లు బిగించవద్దని నేనే చెప్పాను.

నాలుగో_తీగ · ఆదివారం, మధ్యాహ్నం 3:10

ఆ పట్టు వదలకండి. ఇంకొకటి, పాత ప్యానెళ్లను పాత ఇనుముకు అమ్మేయవద్దు. చచ్చిపోయింది బ్యాటరీలే కావచ్చు. తెలిసిన మనిషితో దించి, తుడిపించి, నడినెత్తి ఎండలో ఒక్కోదాన్నీ మల్టీమీటర్‌తో చూడమనండి. పన్నెండు వోల్ట్ల రకం అయితే తీగలు దేనికీ కలపకుండా విడిగా ఉన్నప్పుడు ఇరవై వోల్ట్ల దగ్గర చూపాలి. వోల్టేజీ ఒక్కటే చూసి మోసపోకండి, కరెంటు కూడా చూడాలి. వంద వాట్ల ప్యానెల్‌కు ఐదు ఆంపియర్లు దాటితే అది బతికే ఉన్నట్లు.

సుద్దముక్క · సోమవారం, మధ్యాహ్నం 1:30

ఇప్పుడే చూశాం. పక్క ఊరి ఎలక్ట్రీషియన్ దించి ఇచ్చారు, పిల్లలు దూరంగా గీత గీసిన చోట నిలబడి అంకెలు రాసుకున్నారు. ఎనిమిది ప్యానెళ్లలో ఒకదాని అద్దం పగిలింది, అది సున్నా. మిగతా ఏడూ పంతొమ్మిదిన్నర నుంచి ఇరవై ఒకటి వోల్ట్ల మధ్య. కరెంటు ఐదు ఆంపియర్లకు పైనే, ఒక్కటి మాత్రం 4.6.

రాసుకుంటున్న పిల్ల పెన్ను ఆపి, “అయితే ఇన్నేళ్లూ ఇవి పనిచేస్తూనే ఉన్నాయా సార్?” అని అడిగింది.